నాగుపాము న్యూరోటాక్సిన్, సైటోటాక్సిన్ మడత ఒకటే అయినప్పుడు పని ఎందుకు వేరు? జెల్‌లో ఎందుకు విడిపోవు?

సిస్టీన్_ఎనిమిది అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ప్రాజెక్టులో నాగుపాము (నాజా నాజా) విషంలోని చిన్న ప్రొటీన్లు, అంటే త్రీ-ఫింగర్ టాక్సిన్లు, మా అంశం. మూడు విషయాలు తేలడం లేదు.

యూనిప్రాట్ (ప్రొటీన్ సీక్వెన్సుల డేటాబేస్) నుంచి తీసిన షార్ట్-చైన్ (పొట్టి గొలుసు) న్యూరోటాక్సిన్, సైటోటాక్సిన్ సీక్వెన్సులు (అమైనో ఆమ్లాల వరుసలు) పక్కపక్కన పెడితే ఎనిమిది సిస్టీన్లూ వరుసగా కలుస్తున్నాయి. పొడవు కూడా 60–62 అమైనో ఆమ్లాలే. పీడీబీ (ప్రొటీన్ ఆకారాల డేటాబేస్) ఆకారాలు ఒకదాని మీద ఒకటి పెట్టినా మూడు లూపులూ దాదాపు సరిపోతున్నాయి. అయినా ఒకటి ఊపిరి ఆపుతుంది, రెండోది కాటు పడిన చోట కండను కుళ్లబెడుతుంది. తేడా ఎక్కడుంది? సీక్వెన్స్ చూసి ఏది ఏదో చెప్పగలమా?

రెండోది అంకెల గొడవ. పేపర్లలో డైసల్ఫైడ్ బంధం (రెండు సిస్టీన్లను కలిపేది) 3–24 అని ఉంటే, యూనిప్రాట్‌లో అదే బంధం 24–45 అని ఉంది. ప్రాజెక్టు రిపోర్టులో ఏది రాయాలి?

మూడోది జెల్. 12 శాతం ఎస్‌డీఎస్-పేజ్‌లో (ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జెల్) ముడి విషం నడిపితే 14 కిలోడాల్టన్ల కింద అంతా ఒకటే మసక. డీస్టెయిన్ (అదనపు రంగు కడగడం) రాత్రంతా ఉంచితే ఆ మసక కూడా పోతోంది. 280 నానోమీటర్ల కాంతి శోషణ రీడింగ్‌తో లెక్కగట్టిన గాఢత కూడా ఫ్రాక్షన్‌కీ ఫ్రాక్షన్‌కీ పొంతన లేకుండా వస్తోంది.

లూపు_కొస సమాధానం

ఈ కుటుంబంలో సిస్టీన్లు కలిశాయంటే మడత ఒకటేనని అర్థం, అంతవరకే. నాలుగు డైసల్ఫైడ్ బంధాలూ అణువుకు ఒక చివర దగ్గరదగ్గరగా ఉండి అక్కడి మధ్యభాగాన్ని బిగించి ఉంచుతాయి. అక్కడి నుంచి మూడు బీటా లూపులు బయటికి చాచుకుని ఉంటాయి. పని జరిగేది ఆ లూపుల మీద, ఎక్కువగా రెండో లూపు కొసన. మధ్యభాగం అంత గట్టిగా ఉంది కాబట్టే కొసల్లో అమైనో ఆమ్లాలు ఎంత మారినా మడత చెదరదు. ఒకే అచ్చు మీద ఇన్ని రకాల టాక్సిన్లు పుట్టుకురావడానికి వీలైంది అందువల్లే.

ముందు న్యూరోటాక్సిన్ చూడండి. ఎరాబుటాక్సిన్-బి బాగా పరిశీలించిన ఉదాహరణ: లాటికాడా సెమీఫాసియాటా అనే సముద్రపు పాముది, 62 అమైనో ఆమ్లాలు, 6,861 డాల్టన్లు. దీని ఎక్స్-రే ఆకారం 1970లలోనే తేలింది. రెండో లూపులో లైసిన్ 27, ట్రిప్టోఫాన్ 29, ఆస్పార్టిక్ ఆమ్లం 31, ఆర్జినిన్ 33 కండరం మీది ఎసిటైల్‌కోలిన్ (నరం కండరానికి పంపే సంకేతం) రిసెప్టర్‌ని పట్టుకునే ముఖ్యమైన చోట్లు. లాంగ్-చైన్‌కి (పొడవు గొలుసు రకానికి) ఉదాహరణ నాజా కౌథియా అనే నాగుపాము జాతి నుంచి వచ్చే ఆల్ఫా-కోబ్రాటాక్సిన్, 71 అమైనో ఆమ్లాలు. దీన్ని రిసెప్టర్‌ని పోలిన ఎసిటైల్‌కోలిన్ బైండింగ్ ప్రొటీన్‌తో కలిపి చూపిన క్రిస్టల్ ఆకారం 2005లో వచ్చింది. అందులో రెండో లూపు కొస వెళ్లి రిసెప్టర్ వైపు ఉండే లూప్-సి కింద దూరుతుంది. ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోటు అదే. కండర రిసెప్టర్‌లో ఐదు సబ్‌యూనిట్లు, వాటిలో రెండు ఆల్ఫాలు, అంటే ఎసిటైల్‌కోలిన్‌కి రెండు చోట్లు. ఛానల్ సరిగా తెరుచుకోవడానికి రెండూ నిండాలి కాబట్టి టాక్సిన్ ఒక్క చోట కూర్చున్నా పని ఆగిపోతుంది. అందుకే ఇది అతి తక్కువ మోతాదులోనే ప్రాణం తీస్తుంది.

సైటోటాక్సిన్‌లో (పాత పేరు కార్డియోటాక్సిన్) ఆ రెండో లూపు సామగ్రి లేదు. బదులుగా మూడు లూపుల కొసల్లోనూ లూసిన్, వాలిన్, ఫినైల్ అలనిన్, మెథియోనిన్ లాంటి నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి, వాటి వెనకే లైసిన్లు వరుస కడతాయి. కొసలు కణపొరలోని కొవ్వులోకి దిగుతాయి, లైసిన్ల ధనావేశం ఫాస్ఫేట్ తలలను పట్టుకుంటుంది. దీనికి ప్రత్యేకమైన రిసెప్టర్ అక్కర్లేదు. పొర చీలాలంటే చాలా అణువులు ఒకేచోట పోగవ్వాలి. కాటు పడిన చోట గాఢత ఎక్కువ కాబట్టి నష్టం అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది.

ఇదే మడతతో మూడో పని చేసేది మాంబా పాముల ఫాసిక్యులిన్. 61 అమైనో ఆమ్లాలు, అవే నాలుగు బంధాలు. ఇది ఎసిటైల్‌కోలినెస్టరేస్ ఎంజైమ్ ముఖద్వారానికి అడ్డుగా కూర్చుంటుంది. ఎసిటైల్‌కోలిన్ విరగకుండా పేరుకుపోతుంది, అంటే న్యూరోటాక్సిన్ ఫలితానికి దాదాపు వ్యతిరేకం.

సీక్వెన్స్ చూసి గుర్తుపట్టాలంటే ముందు సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్ తయారయ్యాక తెగిపోయే మొదటి ముక్క) తీసేయాలి. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇదే. యూనిప్రాట్ చాలాచోట్ల సీక్వెన్స్‌ని 21 అమైనో ఆమ్లాల సిగ్నల్ పెప్టైడ్‌తో సహా లెక్కిస్తుంది, పేపర్లు పరిపక్వ ప్రొటీన్‌ని 1 నుంచి లెక్కిస్తాయి. 3కి 21 కలిపితే 24, 24కి కలిపితే 45. రెండూ సరైనవే. రిపోర్టులో పరిపక్వ ప్రొటీన్ అంకెలు వాడి, ఆ మాట మొదట్లో ఒకసారి రాయండి. నేరుగా ప్రొటీన్ నుంచి చదివిన పాత ఎంట్రీలకు సిగ్నల్ పెప్టైడ్ ఉండదు, వాటికి 21 కలపకూడదు.

తర్వాత అలైన్‌మెంట్ (సీక్వెన్సులను వరుస కలపడం). సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని అలాగే తీసుకోకండి. షార్ట్-చైన్, లాంగ్-చైన్ కలిపి పెట్టినప్పుడు గ్యాప్‌లు తప్పు చోట పడి రెండో లూపు మొత్తం పక్కకు జరుగుతుంది. మధ్యభాగపు ఎనిమిది సిస్టీన్లు ఒకే నిలువు వరుసల్లో ఉన్నాయో లేదో కంటితో చూసి, కాకపోతే చేత్తో సరిచేయండి. అప్పుడు రెండో లూపులో ట్రిప్టోఫాన్, దాని తర్వాత నాలుగో స్థానంలో ఆర్జినిన్ కనిపిస్తే న్యూరోటాక్సిన్ వైపు మొగ్గండి. ట్రిప్టోఫాన్ లేకుండా, కొసలన్నీ జిడ్డుగా (నీటిని ఇష్టపడకుండా), లైసిన్లు మెండుగా ఉంటే సైటోటాక్సిన్ వైపు.

ఆకారాలకు 3ఈబీఎక్స్ (ఎరాబుటాక్సిన్-బి), 2సీటీఎక్స్ (ఆల్ఫా-కోబ్రాటాక్సిన్), 1సీడీటీ (ఒక ఆఫ్రికా నాగుపాము కార్డియోటాక్సిన్) తెచ్చుకోండి. ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు మొత్తం అణువుతో కాకుండా ఎనిమిది సిస్టీన్ల ఆల్ఫా-కార్బన్లతో సరిపెట్టండి. లూపుల కొసలు కదిలే స్వభావం ఉన్నవి. వాటిని కూడా కలిపితే ఆ కదలిక మొత్తం లెక్కను లాగేసి, మధ్యభాగమే వేరన్నట్టు చూపిస్తుంది. సరిపెట్టాక రిబ్బన్ బొమ్మ తీసేసి ఉపరితలం చూడండి, ఒకసారి ఆవేశం రంగుల్లో, ఒకసారి జిడ్డు రంగుల్లో. రిబ్బన్‌లో కవలల్లా ఉన్న ఈ రెండూ ఉపరితలంలో వేరువేరుగా కనిపిస్తాయి.

జెల్_బెంచ్ సమాధానం

మూడో ప్రశ్న నేను తీసుకుంటాను.

12 శాతం ట్రిస్-గ్లైసిన్ జెల్‌లో 6–8 కిలోడాల్టన్ల ప్రొటీన్లు ఎస్‌డీఎస్ మిసెల్స్ (డిటర్జెంట్ అణువుల ముద్దలు) గుంపుతో కలిసి డై ముందుభాగంలోనే పరుగెడతాయి. అక్కడ విడిపోవడం అనేది జరగదు, శాతం 15కి పెంచినా కొద్దిగా మెరుగుపడుతుంది అంతే. 1987లో షాగర్, ఫాన్ యాగో ఇచ్చిన ట్రిసీన్ జెల్ ఇందుకోసమే ఉంది. సెపరేటింగ్ జెల్ 16.5 శాతం పెట్టుకోండి. నమూనా స్టాకింగ్ దాటేదాకా 30 వోల్టులు, తర్వాత 100 దగ్గర. డై అడుగుకు సెంటీమీటరు దూరంలో ఉండగానే ఆపేయండి. మినీ జెల్ అయితే లేన్‌కి 10–15 మైక్రోగ్రాముల ముడి విషం చాలు. అంతకు మించితే సైటోటాక్సిన్ బ్యాండ్ ఉబ్బి పక్కవాటిని మింగేస్తుంది.

డీస్టెయిన్‌లో మాయమవుతున్నవి నిజంగానే జెల్ నుంచి బయటికి పోతున్నాయి. 7 కిలోడాల్టన్ల ప్రొటీన్‌కి ఆ రంధ్రాలు పెద్దవి. రంగు వేసే ముందు 5 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 30 నిమిషాలు ఫిక్స్ చేయండి. అది లైసిన్లను పట్టి ముడివేస్తుంది, సైటోటాక్సిన్‌లో లైసిన్లకు కొదవలేదు కాబట్టి బాగా నిలుస్తుంది. కానీ బ్యాండ్ కోసి మాస్ స్పెక్‌కి (అణుభారం కొలిచే పరికరానికి) పంపే ఉద్దేశం ఉంటే గ్లుటరాల్డిహైడ్ ముట్టుకోవద్దు, ముడిపడిన ప్రొటీన్‌ని ట్రిప్సిన్ సరిగా కోయలేదు. ఆ జెల్‌కి 40 శాతం మిథనాల్, 10 శాతం ఎసిటిక్ ఆమ్లంతో ఫిక్స్ చేసి, కొలాయిడల్ కూమాసీ వేసి, డీస్టెయిన్ తక్కువసేపు ఉంచండి.

రిడక్షన్ (డైసల్ఫైడ్ బంధాలు తెంచడం) దగ్గర చాలామంది తొందరపడతారు. ఈ ప్రొటీన్లు పూర్తిగా విప్పుకోవాలంటే వేడి ఒక్కటే చాలదు, బంధాలు తెగాలి. బంధాలు తెంచే డీటీటీ 50–100 మిల్లీమోలార్, 95 డిగ్రీల్లో 5 నిమిషాలు. ఆ తర్వాత డీటీటీకి రెండున్నర రెట్ల అయోడోఎసిటమైడ్ (తెగిన సిస్టీన్లను మూసేసేది) వేసి చీకట్లో 30 నిమిషాలు ఉంచకపోతే, జెల్‌లో నడుస్తుండగానే కొన్ని సిస్టీన్లు మళ్లీ కలుసుకుని ఒకే ప్రొటీన్ రెండు మూడు బ్యాండ్లుగా వస్తుంది. రిడక్షన్ చేయని నమూనాని పక్క లేన్‌లో తప్పక పెట్టండి, మధ్యలో ఒక లేన్ ఖాళీ వదిలి. లేకపోతే డీటీటీ పాకి పక్కదాన్ని కూడా సగం తెంచుతుంది. రిడక్షన్ చేయని టాక్సిన్ ముడుచుకుని ఉండి, తన బరువు కన్నా తేలికైనదానిలా ముందుకు పోతుంది. ఆ స్థానం చూసి అణుభారం రాయకండి.

అయోడోఎసిటమైడ్ వల్ల ఇంకో లాభం ఉంది. ప్రతి సిస్టీన్‌కి, రిడక్షన్ హైడ్రోజన్‌తో కలిపి, 58.03 డాల్టన్లు పెరుగుతుంది. ఇన్‌టాక్ట్ మాస్ (కోయని మొత్తం ప్రొటీన్ బరువు) 464 పెరిగితే ఎనిమిది సిస్టీన్లు, 580 పెరిగితే పది. సీక్వెన్స్ తెలియని ఫ్రాక్షన్ షార్ట్ రకమో ఐదు బంధాల రకమో ఇక్కడే తేలిపోతుంది.

280 రీడింగ్ సంగతి. సైటోటాక్సిన్లలో మామూలుగా ట్రిప్టోఫాన్ ఉండదని పైన చెప్పారు కదా, మీ పొంతన లేని అంకెలకు కారణం అదే. ట్రిప్టోఫాన్‌కి 5,500, టైరోసిన్‌కి 1,490, ఒక్కో డైసల్ఫైడ్‌కి 125 చొప్పున లెక్కేయండి. ఎరాబుటాక్సిన్-బిలో ఒక ట్రిప్టోఫాన్, ఒక టైరోసిన్, నాలుగు బంధాలు: మొత్తం 7,490. అణుభారంతో భాగిస్తే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము 1.09 చూపుతుంది. మూడు టైరోసిన్లున్న 6,700 డాల్టన్ల సైటోటాక్సిన్ అయితే 4,970, అంటే 0.74. "1.0 అంటే ఒక మిల్లీగ్రాము" అన్న అలవాటు లెక్కతో వెళితే ఒకదాన్ని ఎక్కువ, రెండోదాన్ని తక్కువ అంచనా వేసినట్టే. ముడి విషానికి 280 వాడకండి, బీసీఏ (రంగుతో ప్రొటీన్ గాఢత కొలిచే పరీక్ష) చేయండి, అది కూడా డీటీటీ వేయకముందే.

జెల్‌తోనే అన్నీ విడదీయాలనుకోవద్దు. జిడ్డు స్వభావాన్ని బట్టి విడదీసే సీ18 కాలమ్, 0.1 శాతం టీఎఫ్ఏ ఆమ్లం, ఎసిటోనైట్రైల్ గ్రేడియంట్ పెడితే నాగుపాము విషంలో ముందు న్యూరోటాక్సిన్లు, తర్వాత ఫాస్ఫోలైపేస్ ఏ2 (పొర కొవ్వులను కోసే ఎంజైమ్), ఆ తర్వాత సైటోటాక్సిన్లు, చివరన పెద్ద ప్రొటీన్లు వస్తాయి. జెల్ ఆ ఫ్రాక్షన్ల స్వచ్ఛత చూడటానికి.

ఎండబెట్టిన విషం పొడి తూకం వేసేటప్పుడు మాస్క్, కళ్లద్దాలు లేకుండా సీసా తెరవకండి. ఆ ధూళి పీలిస్తే అలర్జీ ముదురుతుంది, కంట్లో పడితే పొర దెబ్బతింటుంది. వీలైతే తూచకుండా సీసాలోనే బఫర్ పోసి కరిగించండి. విషం అనుమతి ఉన్న చోటు నుంచే రావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద లైసెన్సు లేకుండా నాగుపామును పట్టడం, విషం తీయడం నేరం. మన దేశంలో ఎక్కువ విషం వచ్చేది మహాబలిపురం దగ్గర 1978లో మొదలైన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి.

సిస్టీన్_ఎనిమిది

ఇద్దరికీ ధన్యవాదాలు, చాలా స్పష్టంగా ఉంది. ఇంకో రెండు. ఐదో డైసల్ఫైడ్ ఉంటే లాంగ్-చైన్, కాబట్టి మెదడులోని ఆల్ఫా-7 రిసెప్టర్‌ని కూడా పట్టుకుంటుంది అని నియమంలా రాసుకోవచ్చా? న్యూరోటాక్సిన్ ఇంత బాగా తెలిసినదైతే, యాంటీ స్నేక్ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) దాని మీద బలహీనం అని ఎందుకంటారు?

లూపు_కొస

అలా రాయకండి. ఐదో బంధం ఎక్కడుందన్నది చూడాలి. ఆల్ఫా-కోబ్రాటాక్సిన్‌లో అది 26–30, ఆల్ఫా-బంగారోటాక్సిన్‌లో 29–33, రెండింటిలోనూ రెండో లూపు కొసన. ఆల్ఫా-కోబ్రాటాక్సిన్‌లో ఆ ఒక్క బంధాన్నే తెంచి చూస్తే ఆల్ఫా-7 మీద పట్టు బాగా పడిపోయింది, కండర రిసెప్టర్ మీద పెద్దగా తగ్గలేదు. కాబట్టి ఆ చోట ఉన్న ఐదో బంధానికి ఆల్ఫా-7తో సంబంధం ఉంది. కానీ బంగారస్ క్యాండిడస్ అనే కట్లపాము జాతిలోని క్యాండాక్సిన్ లాంటివాటిలో ఐదో బంధం మొదటి లూపులో ఉంటుంది. వీటిని నాన్-కన్వెన్షనల్ టాక్సిన్లు అంటారు. పది సిస్టీన్లు లెక్కపెట్టి లాంగ్-చైన్ అని రాస్తే ఇవి కూడా అందులో పడతాయి, తప్పు. 580 డాల్టన్ల పెరుగుదల బంధాల సంఖ్య చెబుతుందే గానీ చోటు చెప్పదు.

రిసెప్టర్ వైపు నుంచి కూడా చూడండి, ఎందుకంటే ఈ టాక్సిన్ల ఎంపిక ఎంత సున్నితమో అక్కడ కనిపిస్తుంది. ముంగిస కండర రిసెప్టర్‌లో ఆల్ఫా సబ్‌యూనిట్ 187వ స్థానంలో ఆస్పరజిన్ ఉండి, దానికి చక్కెర గొలుసు తగులుకుని ఉంటుంది. నాగుపాము సొంత రిసెప్టర్‌లో అదే పని 189 దగ్గర జరుగుతుంది. ఆ గొలుసు అడ్డుగా ఉండటంతో రెండో లూపు లోపలికి దూరలేదు, చిన్నదైన ఎసిటైల్‌కోలిన్ మాత్రం మామూలుగా పోయి కూర్చుంటుంది. మనిషి రిసెప్టర్‌లో అక్కడ చక్కెర లేదు.

ఆల్ఫా-బంగారోటాక్సిన్ గురించి ఒక మాట: తైవాన్‌లో చాంగ్, లీ 1963లో బంగారస్ మల్టిసింక్టస్ విషం నుంచి దీన్ని వేరుచేశారు. ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ని మొదటిసారి పట్టి బయటికి తీయగలిగింది ఈ టాక్సిన్ వదలని పట్టు వల్లే. 74 అమైనో ఆమ్లాల అణువు సైన్స్‌కి ఇంత చేసిందన్నది మీ రిపోర్టు ముందుమాటలో చోటిచ్చి చెప్పాల్సిన సంగతి.

విషవైద్యం_ఫార్మకాలజీ సమాధానం

యాంటీ స్నేక్ వెనమ్ ప్రశ్నకు. భారతీయ పాలీవాలెంట్ మందు నాలుగు పాముల మీద తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ప్రమాణం ప్రకారం కరిగించాక ఒక మిల్లీలీటరు నాగుపాము విషం 0.6 మిల్లీగ్రాములు, కట్లపాముది 0.45, రక్తపింజరది 0.6, చిన్నపింజరది 0.45 నిర్వీర్యం చేయాలి. ఈ అంకెలు మొత్తం విషానివి, ఒక్కో టాక్సిన్‌వి కావు. చిక్కు ఇక్కడే ఉంది. గుర్రానికి మొత్తం విషం ఎక్కిస్తే దాని రోగనిరోధక వ్యవస్థ పెద్ద ప్రొటీన్లకు బాగా స్పందిస్తుంది, 7 కిలోడాల్టన్ల గట్టి ముద్దకు తక్కువ యాంటీబాడీలు తయారుచేస్తుంది. పైగా సుమారు 110 కిలోడాల్టన్ల యాంటీబాడీ ముక్క రక్తనాళాల్లోంచి కణజాలంలోకి మెల్లగా చేరుతుంది, న్యూరోటాక్సిన్ ఈలోపే కండరానికి చేరిపోతుంది. సైటోటాక్సిన్ అయితే కాటు చోటే నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. అక్కడ చచ్చిన కండను ఏ మందూ తిరిగి తేలేదు.

కట్లపాము కథ వేరు. దాని విషంలో ఆల్ఫా రకంతో పాటు బీటా-బంగారోటాక్సిన్ కుటుంబం ఉంటుంది. ఇది త్రీ-ఫింగర్ కాదు. 120 అమైనో ఆమ్లాల ఫాస్ఫోలైపేస్ ఏ2 గొలుసు, 60 అమైనో ఆమ్లాల కునిట్జ్ రకం గొలుసు ఒక డైసల్ఫైడ్‌తో ముడిపడి, మొత్తం సుమారు 21 కిలోడాల్టన్లు. పీడీబీలో 1బీయూఎన్ చూడండి. చిన్న గొలుసు నరం కొసను గుర్తుపడుతుంది, పెద్ద గొలుసు అక్కడి పొరలోని కొవ్వులను కోస్తుంది. ఎసిటైల్‌కోలిన్ సంచులు ఖాళీ అయి నరం కొసే పాడవుతుంది. ఆ తర్వాత యాంటీబాడీ ఎంత ఇచ్చినా నరం కొస తిరిగి పెరగాల్సిందే, అప్పటిదాకా వెంటిలేటర్ నిలబెట్టాలి. నియోస్టిగ్మిన్ నాగుపాము కాటులో ఉపయోగపడి కట్లపాములో పెద్దగా పడకపోవడానికీ కారణం ఇదే: నాగుపాములో ఎసిటైల్‌కోలిన్ విడుదలవుతూనే ఉంటుంది, దాన్ని విరగకుండా ఆపితే టాక్సిన్‌తో పోటీ పడుతుంది. కట్లపాములో విడుదలే ఆగిపోయింది.

కాటు గుర్తు కూడా టాక్సిన్లను బట్టే. కట్లపాము విషంలో కండ కుళ్లబెట్టే సైటోటాక్సిన్లు లేకపోవడంతో వాపు, నలుపు కనిపించవు. పొలాల్లో, ఇళ్లలో నేల మీద పడుకున్నవాళ్లు కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతుంటే గ్యాస్ అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. ఆ గంటలే ప్రాణం మీదికి తెస్తాయి. వాపు లేదు కాబట్టి విషం ఎక్కలేదనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొత్త పని గురించి రిపోర్టులో రాయాలంటే రెండు ఉన్నాయి. 2024లో 95మ్యాట్5 అనే మానవ యాంటీబాడీ, లాంగ్-చైన్ టాక్సిన్ల మీద, రిసెప్టర్ పట్టుకునే తీరునే అనుకరిస్తుంది. బెంగళూరు ఐఐఎస్సీ బృందం అందులో ఉంది. అది షార్ట్-చైన్‌ని పట్టదు. 2025 జనవరిలో డేవిడ్ బేకర్ బృందం కంప్యూటర్‌లో రూపొందించిన చిన్న ప్రొటీన్లను ప్రచురించింది. షార్ట్-చైన్, లాంగ్-చైన్ న్యూరోటాక్సిన్లకు, సైటోటాక్సిన్‌కి వేర్వేరుగా చేశారు, న్యూరోటాక్సిన్లకు చేసినవి ఎలుకలను కాపాడాయి. ఇవేవీ ఇంకా ఆసుపత్రి మందులు కావు.

సిస్టీన్_ఎనిమిది

ధన్యవాదాలండీ. చివరిగా జెల్_బెంచ్ గారికి: పోలిక కోసం రక్తపింజర విషం కూడా ఒక లేన్‌లో నడుపుతున్నాం. రిడక్షన్ చేసిన లేన్‌లో ప్రతిసారీ 14 పైన కొత్త బ్యాండ్లు పుడుతున్నాయి. అవి విరిగిన ముక్కలా?

జెల్_బెంచ్

రెండు కారణాలు ఉండొచ్చు, విడదీసి చూడాలి. ఒకటి అసలు ఆకారమే. రక్తపింజరలో, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్-10ని చైతన్యపరిచే ఆర్‌వీవీ-ఎక్స్ సుమారు 93 కిలోడాల్టన్ల మెటలోప్రొటీనేస్ (లోహం సాయంతో ప్రొటీన్లను కోసే ఎంజైమ్). ఒక హెవీ చైన్, రెండు లైట్ చైన్లు డైసల్ఫైడ్లతో కట్టి ఉంటాయి. డీటీటీ వేస్తే హెవీ చైన్ 58 దగ్గర, లైట్ చైన్లు 16–20 మధ్య పడతాయి. అవి ముక్కలు కావు, సబ్‌యూనిట్లు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ (గడ్డకట్టే పరీక్షలను అడ్డగించే యాంటీబాడీ) కోసం ల్యాబుల్లో చేసే డీఆర్‌వీవీటీ పరీక్ష పనిచేసేది ఈ ప్రొటీన్‌తోనే.

రెండోది నిజంగా కోత. నమూనా బఫర్ కలిపి, మరిగించకుండా బల్ల మీద ఉంచితే, సగం విప్పుకున్న ప్రొటీన్లను మెటలోప్రొటీనేస్‌లు కోసేస్తాయి. అవి జింక్ మీద బతుకుతాయి, కాబట్టి విషం కరిగించిన వెంటనే లోహ అయాన్లను లాగేసే ఈడీటీఏ 5 మిల్లీమోలార్ వేయండి. సెరైన్ ప్రొటీయేస్‌లకు అది పనిచేయదు, పీఎంఎస్‌ఎఫ్ అనే నిరోధకం కావాలి, అదీ అప్పటికప్పుడు కలిపినదే. తర్వాత నేరుగా 95 డిగ్రీలకు. ఈడీటీఏ వేసిన లేన్, వేయని లేన్ పక్కపక్కన నడిపితే మాయమైనవి ముక్కలు, మిగిలినవి సబ్‌యూనిట్లు.

ఆ ఈడీటీఏ వేసిన గొట్టాన్నే ఫాస్ఫోలైపేస్ ఏ2 పరీక్షకు వాడకండి. ఆ ఎంజైమ్‌లో ఆస్పార్టిక్ ఆమ్లం 49 పట్టుకునేది కాల్షియంని, ఈడీటీఏ దాన్ని లాగేస్తే చర్య సున్నా వస్తుంది. దానికి వేరే గొట్టం, 10 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌తో, ఫాస్ఫేట్ లేని బఫర్‌లో. ఫాస్ఫేట్ ఉంటే కాల్షియం తెల్లగా అడుగున దిగిపోతుంది.